తివాచీ కింద మూడు బద్దలు

స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగికి మాటలు తక్కువ. పొద్దున్నే వచ్చి చిత్రిక పట్టుకుంటే మళ్ళీ అన్నం వేళకే తల ఎత్తేవాడు. ఎవరైనా పలకరిస్తే నోట్లో ఉన్న మేకులు తీయడానికి బద్ధకించి తల ఊపేవాడు. కానీ ఆ ఆవరణలో ఏం జరిగినా ఆయన కళ్ళు దాటి పోయేది కాదు.

కళ్ళమ్మ ఆ గేటు లోపల అడుగుపెట్టిన రోజు ఆయనకు బాగా గుర్తు. వేషగాళ్ళకు బట్టలు కుట్టడానికి వచ్చిన తల్లి వెనకాల, గుండుసూదుల డబ్బా పట్టుకుని వచ్చింది. పద్నాలుగేళ్ళుంటాయి. అప్పట్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. ఆవేళ రాణి వేషం కట్టాల్సినవాడు మీసం తీయనని మొండికేశాడు.

"ఎల్లుండి నన్ను చూసుకోడానికి ఆడపిల్లవాళ్ళు వస్తున్నారండీ! మీసం లేకుండా ఎదురుపడితే పెళ్ళికొడుకు అక్క అనుకుంటారు."

డైరెక్టరు చేతిలో ఎప్పుడూ ఒక రేకు గొట్టం ఉండేది. దాంట్లోంచి అరిస్తే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. అందుకే అందరూ ఆయన్ని గొట్టం మాస్టారు అనేవారు. ఆయన నాలుగు వైపులా చూసి గొట్టాన్ని ఆ పిల్ల వైపు తిప్పాడు.

"ఏయ్ సూదుల పిల్లా! ఆ గోడ మీదికి చూడు. నీకు కావాల్సినవాళ్ళెవరో అక్కడి నుంచి పడిపోతున్నారు."

పిల్ల చూసింది. అంతే, అక్కడున్న ఇరవైమందీ గోడ వైపు తిరిగారు. వడ్రంగీ తిరిగాడు. ఆ గోడ పొద్దున తన చేత్తో నిలబెట్టినదే. కర్రలూ గుడ్డా తప్ప అక్కడ ఏమీ లేదని ఆయనకు తెలుసు. తెలిసీ చూశాడు. తర్వాత చాలా రోజులు ఆ సంగతి తలుచుకుని తనలో తనే సిగ్గుపడ్డాడు. ఆ చూపుతోనే ఆ పిల్లకి కళ్ళమ్మ అనే పేరొచ్చింది.

తల్లి మాత్రం లబోదిబోమంది. "నలుగురూ ఏమనుకుంటారే?"

"వాడు మీసం తీయనంటే నువ్వెందుకమ్మా ఏడుస్తావు?" అని ఆ పిల్ల రాణి బట్టలు తొడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

తర్వాత పదకొండేళ్ళలో ముప్పైరెండు సినిమా బొమ్మలు చేసింది. అన్నీ మూగబొమ్మలే. పైకప్పు లేని సెట్లో, ఎండ తగ్గడానికి తెల్లగుడ్డ కట్టుకుని తీసేవారు. ఎరుపు ఏదైనా తెర మీద నల్లగా పడుతుందని మొహమంతా పసుపుపచ్చ రంగు పూసేవారు. ఆ రంగుతో కామెర్లు వచ్చినట్టు కనపడని మనిషి ఆమె ఒక్కతే అని వడ్రంగి అనుకునేవాడు. గుర్రం మీంచి దూకమంటే దూకింది. ఆయన చేసిన పడవ నడిఏట్లో పగిలితే, కెమెరా తిరుగుతోందని మునుగుతూ కూడా వేషంలోని ఏడుపు ఆపలేదు. ఒడ్డుకొచ్చాక ఆయన్ని చూసి, "మావయ్యా, నీ పడవకి నాకన్నా తొందరెక్కువ" అంది. అంతే. ఇంకొకరైతే ఆయన పని ఊడగొట్టించి ఉండేవారు.

ఆమె నటించినంతసేపూ గొట్టం మాస్టారు పక్కనుంచి అరుస్తూనే ఉండేవాడు. "నడు... ఆగు... ఉత్తరం చూశావు... గుండె జారింది... కళ్ళెత్తు... ఇప్పుడు!" మూగబొమ్మ కదా, ఎంత అరిచినా ఎవరికి పట్టింది? ఆయన గొంతు, ఆమె మొహం. రెండూ ఒకే మనిషివి అన్నట్టుండేవి.

ఇంతలో మాట్లాడే బొమ్మలు వచ్చాయి.

సెట్టుకి పైకప్పు వచ్చింది. గోడల నిండా కంబళ్ళు వేలాడదీశారు. కెమెరా చప్పుడు వినపడకుండా దాన్ని మనిషితో సహా ఒక పెట్టెలో పెట్టి తలుపేశారు. మైకుని కిటికీ పక్కన పూలకుండీలో దాచారు. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి, చెవులకు రెండు డిప్పలు తగిలించుకునే ఒకాయన వచ్చాడు. ఆయన్ని చెవులాయన అన్నారు. తలుపు మీద ఎర్రదీపం వెలిగితే ఎవరూ కిక్కురుమనకూడదు. గొట్టం మాస్టారు కూడా.

అక్కడే వచ్చింది చిక్కు.

మొదటిరోజు షాటు చిన్నదే. ఆమె మెట్లు దిగి రావాలి. బల్ల మీద ఉత్తరం తీసి చదవాలి. ఊరెళ్ళిన కొడుకు ఇక రాడని అందులో ఉంటుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలు చెప్పాలి. ఆమె మెట్లు దిగింది. ఉత్తరం తీసింది. ఆగింది. పదకొండేళ్ళ అలవాటున చెవి ఆ గొంతు కోసం చూసింది. గొంతు రాలేదు. మాస్టారి వైపు తిరిగి, "ఊఁ, తర్వాతేంటి మాస్టారూ?" అంది.

ఆ మాట ఫిలిం మీదికి శుభ్రంగా ఎక్కింది.

రెండోసారీ అంతే. నాలుగోసారి అడగలేదు గానీ, ఎదురుచూడటం మొహంలో కనపడిపోయింది. మాస్టారు అరవలేక, ఊరుకోలేక చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. స్టూడియో యజమాని మాత్రం నెమ్మదైన మనిషి. అరిచేవాడి కన్నా అలాంటివాడే ఎక్కువ భయపెడతాడు.

"శుక్రవారం ఇంకోసారి చూద్దాం. కాకపోతే నాటకాల్లో పాడే ఆవిడ ఉంది, పిలిపిద్దాం. కళ్ళమ్మకేం, ఇన్నాళ్ళు చేసింది. ఇంట్లో కూర్చున్నా ఎవరూ చిన్నబుచ్చరు."

ఇరవైఅయిదేళ్ళ మనిషిని ఇంట్లో కూర్చోమంటే ఏమిటో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. అప్పటికే మూగబొమ్మల హీరో ఒకాయన సైకిళ్ళ కొట్టు పెట్టుకున్నాడు.

మర్నాడు అన్నాల వేళ సెట్టులో వడ్రంగి ఒక్కడే ఉన్నాడు. నేల పలకలు కిర్రుమంటే మైకు పట్టేస్తుందని, ఒక్కొక్క పలకా తొక్కి చూసి మేకులు బిగిస్తున్నాడు. కళ్ళమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా రెండో వైపు నుంచి పలకలు తొక్కడం మొదలుపెట్టింది. కిర్రుమన్న చోట వేలు చూపించింది. ఆయన మేకు కొట్టాడు. అలా సగం నేల అయ్యాక అంది:

"మావయ్యా, కిర్రుమనకుండా, కంటికి కనపడకుండా, కాలికి మాత్రం తెలిసేలా ఏదైనా పెట్టగలవా?"

ఆయన నోట్లోంచి మేకులు తీశాడు. "ఎన్ని?"

"మూడు. బల్ల దగ్గరొకటి, ఆగమని. దారిలో ఒకటి, వెనక్కి తిరగమని. కిటికీ దగ్గరొకటి, కళ్ళెత్తమని."

"ఎవరికీ చెప్పొద్దా?"

"నువ్వు చెప్పాలన్నా రెండు వారాలు పడుతుందిగా!"

ఆయన నవ్వలేదు కానీ చెవులు కదిలాయి. సన్నటి టేకు బద్దలు మూడు, గోరు మందాన చిత్రిక పట్టాడు. అంచులు గాజుకాగితంతో రుద్ది, తివాచీ కింద అతికించాడు. ఆమె కళ్ళు మూసుకుని నడిచింది. మొదటి బద్ద, రెండోది, మూడోది. కాలు తగలగానే మొహం మారిపోయేది. గురువారం సాయంత్రానికి ఆ నడక చూస్తుంటే, మాస్టారు ఏదో మూల నుంచి మెల్లగా చెబుతున్నాడేమో అనిపించింది ఆయనకు.

శుక్రవారం వచ్చింది. యజమాని కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బట్టల గది గుమ్మంలో కళ్ళమ్మ తల్లి, చేతిలో సూదీ దారంతో నిలబడింది. ఎర్రదీపం వెలిగింది. అప్పుడు చూశాడు వడ్రంగి. సెట్టులో ఉన్నది తన తివాచీ ఒక్కటే కాదు. దాని మీద ఇంకోటి పరిచి ఉంది, అరచేతి మందాన దూదిపరుపులాంటిది. అడుగుల చప్పుడు వినపడుతోందని చెవులాయన పొద్దున పరిపించాడట. దాని కింద గోరు మందం బద్ద ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

జీవితంలో ఒక్కసారి ఆయనకు గట్టిగా అరవాలనిపించింది. అరవడానికి లేదు. దీపం ఎర్రగా వెలుగుతోంది.

ఆమె మెట్లు దిగింది. మొదటి అడుగు ఆ మెత్తటిదాని మీద పడింది. పాదం ఒక్క క్షణం తడుముకోవడం ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చింది. ఉత్తరం తీసింది. చదివింది. నిలబడిపోయింది.

అయిపోయింది అనుకున్నాడు. మాస్టారు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. యజమాని కుర్చీలో ముందుకు వంగాడు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఉత్తరం మడిచింది. మళ్ళీ విప్పింది, ఈసారి ఇంకోలా ఉంటుందేమో అన్నట్టు. మళ్ళీ చదివింది. మళ్ళీ మడిచి, కొడుకు చొక్కా మడతపెట్టినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసింది. మాస్టారు ఎన్నడూ చెప్పని పని అది. ఒక్క మాట లేదు. మాట్లాడే బొమ్మలో అంతసేపు మాట లేకపోవడం అదే మొదలు. తర్వాత కిటికీ దగ్గరికి నడిచి, పూలకుండీకి మాత్రమే వినపడేంత మెల్లగా చెప్పింది.

"తలుపు గడియ వేయకండి. వాడికి తలుపు కొట్టడం అలవాటు లేదు. తోసుకుని వచ్చేస్తాడు. ఎప్పుడూ అంతే."

దీపం ఆరింది. ఎవరూ కదలలేదు. కెమెరా పెట్టె తలుపు తీసుకుని లోపలి మనిషి చెమటతో బయటికొచ్చి, "ఏమైంది, ఎవరూ మాట్లాడరేం?" అన్నాడు.

చెవులాయన డిప్పలు తీశాడు. "మధ్యలో మిషను ఆగిపోయిందనుకున్నా. లేదు. ఆవిడ ఊపిరి వినపడుతోంది."

యజమాని లేచాడు. "నాటకాలావిడ కోసం మనిషిని పంపారా?"

"ఇంకా లేదండి."

"పంపకండి" అని వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం కళ్ళమ్మ ముందు నిలబడి ఏదో చెప్పబోయి, రుమాలు ఇంకా నోట్లోనే ఉందని గుర్తొచ్చి తీసేశాడు. "ఆ మడతపెట్టడం... నేను చెప్పానా?"

"లేదు మాస్టారూ."

"అవును. నేనైతే ఏడవమని అరిచేవాణ్ణి." ఆయన గొంతులో బాధ లేదు. గర్వం ఉంది.

అందరూ వెళ్ళాక వడ్రంగి ఆమె దగ్గరికి వచ్చాడు. "తివాచీ మీద ఇంకోటి పరిచారమ్మా. నేను చూసేసరికే..."

"తెలుసు మావయ్యా. మొదటి అడుగులోనే తెలిసింది."

"మరి?"

"ఉత్తరం అందుకున్న ఆ తల్లికి మాత్రం ఎవరు చెబుతారు, తర్వాత ఏం చేయాలో? ఆవిడ ఏం చేస్తుందో అదే చేశాను."

మాట్లాడే బొమ్మల్లో ఆమె ఇంకో పందొమ్మిదేళ్ళు నటించింది. ఆమె మాటల కన్నా, మాటకి ముందు ఆమె ఆగే తీరు చూడటానికి జనం వచ్చేవారు. కానీ వడ్రంగికి అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఆ తర్వాతి సోమవారం. కొత్త సెట్టుకి నేల వేస్తున్నాడు. ఆమె వచ్చి చెప్పులు విప్పింది.

"బద్దలు వేయమంటావా?" అన్నాడు ఆయన.

"వద్దులే. కిర్రుమనేవి చూద్దాం పద."

ఆయన ఆ గోడ నుంచి, ఆమె ఈ గోడ నుంచి, ఒక్కొక్క పలకా తొక్కుకుంటూ మధ్యకు వచ్చారు.