ఒకే చేతి సూది

ఆ వార్డులో ఏ పిల్లకైనా సూది వేయడంలో చెయ్యి కుదిరిందంటే చాలు, మూడు నెలలు తిరక్కుండా వీసా వచ్చేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా పెద్దక్క చూస్తున్న వరస ఇదే. వచ్చేటప్పుడు రక్తం చుక్క చూసి గోడకు జారబడే పిల్లలు. వాళ్లను నిలబెట్టి, తిట్టి, బుజ్జగించి, పని చేతికెక్కించేసరికి ఆవిడ తల ప్రాణం తోకకొస్తుంది. సరిగ్గా అప్పుడే ఓ కాగితం పట్టుకుని నవ్వుతూ ఎదురుగా నిలబడతారు. "అక్కా, నాకు వచ్చేసిందక్కా!" ఏం వచ్చిందో అడగక్కర్లేదు. ఆవిడను వాటేసుకుని, ఓ ఫొటో దిగి వెళ్లిపోతారు. మర్నాడు ఇంకో పిల్ల వచ్చి రక్తం చూసి గోడకు జారబడుతుంది.

"ఇది ఆస్పత్రా, బస్టాండా?" అని పెద్దక్క అరుస్తుంది. ఎవరి మీద అరుస్తోందో ఆవిడకే తెలియదు. "తయారుచెయ్యడం మా వంతు, తీసుకుపోవడం వాళ్ల వంతు. బాగుంది సంబడం!"

ఆవిడ డయాలసిస్ వార్డుకు పెద్ద నర్సు. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు కుర్చీలో వాలి, యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకుని వెళ్లే చోటది. ఆస్పత్రి అడుగు అంతస్తులో, బట్టలుతికే గది పక్కన, పదకొండు కుర్చీలు. అందులో రెండు ఎప్పుడో వాలడం మానేశాయి. కిటికీ తెరిస్తే జనరేటరు పొగ, మూస్తే ఉక్క. అయిదో అంతస్తులో ఆ బెడద లేదు. అక్కడ చల్లగా ఉంటుంది, పూలకుండీలుంటాయి, గోడ మీద ఆరు భాషల్లో స్వాగతం రాసి ఉంటుంది. అది విమానాలెక్కి వైద్యానికి వచ్చేవాళ్ల అంతస్తు. కింద కుర్చీ విరిగితే అర్జీ పెట్టుకోవాలి. పైన పువ్వు వాడితే మనిషి పరుగెత్తుకొస్తాడు.

ఏడో కుర్చీ పెద్దక్క సొంత అన్నయ్యది. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి. ఇప్పటికీ కుర్చీలో కూర్చోగానే చెయ్యి గేరు కోసం వెతుక్కుంటుంది. డయాలసిస్ సూదులు వేయాలంటే చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టాలి. దాన్నే ఫిస్టులా అంటారు. అది బాగున్నంతకాలం వేలు ఆనిస్తే లోపల జుమ్మంటూ ఉంటుంది. అన్నయ్య ఎడమ చేతిలో ఆ జుమ్మనడం రెండేళ్ల క్రితమే ఆగిపోయింది. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. అదీ పోతే ఇక మెడలో గొట్టమే. గొట్టమంటే ఏముంది, ఇవాళ జ్వరం, రేపు చీము, ఎల్లుండి ఏమిటో పెద్దక్క చాలామంది విషయంలో చూసింది. అందుకే ఆ చేతిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ చేతికి ఆవిడ సూది వేసే పద్ధతే వేరు. ప్రతిసారీ అవే రెండు చోట్ల, అదే వాలులో, అదే లోతుకు. ఒకే మనిషి పది పన్నెండుసార్లు అలా వేస్తే చెవిపోగు కంతలాగా లోపలికి దారి పడుతుంది. ఆ తర్వాత మొండి సూదైనా నొప్పి లేకుండా జారిపోతుంది. కానీ చెయ్యి మారితే వాలు మారుతుంది, వాలు మారితే దారి చెడుతుంది. పుస్తకంలో ఎంత రాసినా, వేసే చెయ్యీ వేయించుకునే చెయ్యీ ఒకదానికొకటి అలవాటు పడాల్సిందే.

ఆ ఏడాది తయారైన పిల్ల పేరు, అంటే అందరూ పిలిచే పేరు, పిచ్చుక. బక్కపలచని మనిషి, నోరు మూతపడదు. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు రాస్తారో లేదోనని బిక్కుబిక్కుమంటూ బతకలేక పైదేశం పరీక్షకు కట్టింది. మధ్యాహ్నం అన్నం తినే వేళ కూడా రబ్బరు చెయ్యి ముందేసుకుని అంచెలన్నీ పైకి వల్లించేది. "చేతులు కడుక్కున్నాను, పేరు అడిగాను, పాత చోటు వదిలి కొత్త చోటు ఎంచుకున్నాను..." ఆ పరీక్షలో సూది ప్రతిసారీ కొత్త చోటే వేయాలట. పాత చోట వేస్తే మార్కులు కోసేస్తారట.

"నా వార్డులో ఏ చేతికి ఏ పద్ధతో నేను చెబుతాను. నీ పరీక్ష ఆ రబ్బరు చేతికే పరిమితం" అని పెద్దక్క నెత్తీ నోరూ కొట్టుకునేది. పిచ్చుక బుద్ధిగా తలూపేది.

ఆ మంగళవారం మధ్యాహ్నం మేనేజరు పైకి రమ్మన్నాడు. నెలలో ఇది మూడోసారి. పై అంతస్తులో కొత్తగా డయాలసిస్ గది పెట్టారు. విదేశీ తనిఖీవాళ్లు వస్తున్నారు, పదిహేనేళ్ల అనుభవమున్న నర్సు లేకపోతే సర్టిఫికెట్టు ఇవ్వరు. ఉన్న ఒక్కతీ పెద్దక్కే. మిగతావాళ్లంతా ఎప్పుడో విమానాలెక్కేశారు.

"నేను పైకొస్తే కింద దిక్కెవరండీ?" అంది పెద్దక్క.

"ఎవరో ఒకర్ని తయారుచేద్దాం."

"ఆ తయారుచేసేది నేనే కదండీ!"

మేనేజరు మర్యాదగా నవ్వి, ఇంకోసారి ఆలోచించమన్నాడు. ఈ మాటల్లో ముప్పావుగంట పోయింది. ఒళ్లు మండుతూ ఆవిడ మెట్లు దిగి వచ్చేసరికి ఏడో కుర్చీ చుట్టూ జనం మూగి ఉన్నారు.

అన్నయ్య కుడి చెయ్యి మోచేతి కింద కొబ్బరికాయంత ఉబ్బింది. చర్మం నల్లబడుతోంది. పిచ్చుక రెండు చేతులా గాజుగుడ్డ అదిమిపట్టుకుని వెక్కుతోంది.

"ఎవరు వేశారు?"

"నేనే అక్కా... టైమైపోతోందని..."

"దాన్నేం అనకే అమ్మలూ" అన్నాడు అన్నయ్య. పళ్లు బిగబట్టి ఉన్నాడు. "నేనే వెయ్యమన్నాను. నువ్వెంతకీ దిగి రాలేదు. ఆలస్యమైతే నా వెనక వాడి టైము పోతుందని..."

"ఎక్కడ వేశావే? ఆ రెండు కంతలూ నీ కళ్లకి కనపడలేదా?"

"కనపడ్డాయక్కా." పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. "చెయ్యి దానంతటదే పక్కకి వెళ్లిపోయింది. పాత చోటు వదిలి కొత్త చోటు... నాకు తెలీకుండానే నోట్లో వచ్చేసింది, చెయ్యి అలాగే చేసేసింది."

పెద్దక్క చెయ్యెత్తింది, కొట్టడానికే ఎత్తింది. కొట్టలేదు. ఆ చెయ్యే అన్నయ్య చేతి మీద ఆనించింది. లోపల జుమ్మనడం లేదు. వేలు అటు జరిపి చూసింది, ఇటు జరిపి చూసింది. ఎక్కడో అడుగున, ఉందా లేదా అన్నట్టు, సన్నని అదురు.

రక్తనాళాల డాక్టరు ఎక్కడంటే అయిదో అంతస్తులో అన్నారు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. పైన గాజు తలుపు దగ్గర కాపలావాడు చెప్పులు మార్చుకోమన్నాడు. "నీ చెప్పులు తగలెయ్యా!" అని ఆవిడ వట్టికాళ్లతోనే లోపలికి నడిచింది. డాక్టరు ఒక గదిలో తెల్లజుట్టు విదేశీ ముసలాయనకు చేతి రక్తనాళాల బొమ్మ చూపిస్తున్నాడు. పక్కన దుబాసీ అమ్మాయి. పెద్దక్క గుమ్మంలోంచే మొత్తం చెప్పేసింది.

డాక్టరు మొహం మారింది. "ఈ సాయంత్రం లోపల రక్తం గడ్డ తీస్తే చెయ్యి బతుకుతుంది. రేపంటే నేను మాటివ్వలేను. కింద ఆపరేషన్ గదిలో యాక్సిడెంటు కేసులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఈ అంతస్తు గది నాలుగింటికి ఖాళీయే, కానీ కింది పేషెంటుని తేవడం నా చేతుల్లో లేదమ్మా. మేనేజర్ని అడుగు, నేను కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంటాను."

ముసలాయన ఏదో అడిగాడు. దుబాసీ అమ్మాయి ఇబ్బందిగా పెద్దక్కకేసి చూసింది. "మీరు డయాలసిస్ నర్సేనా అంటున్నారు. ఆయనకీ కిడ్నీలు పోయాయట. వాళ్ల ఊళ్లో కుర్చీలున్నాయట గానీ సూది వేసేవాళ్లు లేక సగం మూసేశారట. అందుకే తుంటి ఆపరేషనూ డయాలసిసూ కలిపి ఇక్కడ చేయించుకుందామని వచ్చారట."

"ఏ దేశం?"

ఆ అమ్మాయి చెప్పింది. పిచ్చుక వెళ్లబోయే దేశమే. పెద్దక్కకు నవ్వొచ్చింది. అది నవ్వో ఏడుపో అక్కడున్నవాళ్లకు అర్థం కాలేదు. "మా పిల్లలంతా అక్కడికే వస్తున్నారని చెప్పండి. మరి ఆయనేమో ఇక్కడికొచ్చారు. ఏం తమాషా ఇది! దారిలో విమానాలు ఢీకొట్టుకోవడం లేదా?"

దుబాసీ అమ్మాయి ఆ మాట అనువదించలేదు.

మేనేజరు అంతా విన్నాడు. మంచినీళ్లిచ్చాడు. "పై ఆపరేషన్ గది పై పేషెంట్లకే అని రూలు. ఒక్క మినహాయింపు ఉంది. ఈ అంతస్తు స్టాఫు ఇంట్లోవాళ్లకి అత్యవసర ఆపరేషనుకి ఇవ్వొచ్చు, డయాలసిస్‌కి మాత్రం కాదు. నేను బేరమాడుతున్నానని అనుకోకండి. కాగితం మీద లేకపోతే రేపు నన్ను అడుగుతారు."

పై అంతస్తుకు బదిలీ కాగితం సొరుగులోనే ఉంది. పెద్దక్క పేరు టైపు చేసి, సంతకానికి ఖాళీ వదిలి, ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. రెండేళ్లు కదలకూడదని కింద చిన్న అక్షరాలు. ఆవిడకు మిగతా పది కుర్చీలూ కళ్ల ముందు తిరిగాయి. లెక్కల మాస్టారు, దర్జీ, పాల డిపో ఆవిడ, అందరి చేతులూ. వాళ్లకు ఏం చెప్పాలి? మెడలో గొట్టంతో వణుకుతున్న అన్నయ్యా కనిపించాడు. గడియారంలో రెండున్నర అయింది.

"మా అన్నయ్యకి సూది వెయ్యడానికి వారానికి మూడుసార్లు కిందకి వెళ్తాను. అది రాయండి."

"రాయడం కుదరదు. చూద్దాం, సర్దుబాటు చేసుకుందాం."

'చూద్దాం' అంటే ఏమిటో పంతొమ్మిదేళ్లుగా ఆ ఆస్పత్రిలో పనిచేసినవాళ్లకు తెలుసు. తెలిసీ ఆవిడ సంతకం పెట్టింది.

గడ్డ తీశారు. చెయ్యి బతికింది. పాత రెండు కంతలూ పనికొస్తాయి గానీ, పది రోజులు ఆ చేతిని వదిలేయాలన్నాడు డాక్టరు. ఆ తర్వాత సూది మళ్లీ అవే చోట్ల, ఒకే చేత్తో వేయాలని మరీ మరీ చెప్పాడు. ఆ పది రోజులకూ మెడలో గొట్టం పెట్టారు.

శనివారం పెద్దక్క పై అంతస్తుకు వెళ్లడానికి వార్డు బీరువాలోంచి తన సామాను సర్దుకుంటుంటే పిచ్చుక వచ్చింది. చేతిలో పరీక్షవాళ్ల పుస్తకం ఉంది. పెద్ద నర్సు సంతకం పెడితేనే ప్రయాణం.

"అడగడానికి మొహం లేదక్కా. పెట్టకపోయినా తప్పనను."

పెద్దక్క పుస్తకం లాక్కుని, పేజీ పేజీకీ సంతకం గీకుతూ పోయింది. "పెట్టకపోతే ఆగుతావా? ఇంకో చోట పెట్టించుకుంటావు. ఇన్నాళ్లూ మీ అందర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదు, పో!" అని పుస్తకం విసిరేసినట్టే ఇచ్చింది. పిచ్చుక ఏడుస్తూ నిలబడింది. ఈసారి ఎవరూ ఫొటో అడగలేదు.

పదకొండో రోజు తనిఖీవాళ్లు వచ్చారు. కోట్లు వేసుకున్న నలుగురు, చేతుల్లో పలకల్లాంటి కంప్యూటర్లు, వెంట మేనేజరు. తెల్లజుట్టు ముసలాయన కొత్త కుర్చీలో వాలి చెయ్యి చాపాడు. ఆ కుర్చీ మీట నొక్కితే నాలుగు రకాలుగా వాలుతుంది. పెద్దక్క వేలు ఆనించి చూసింది, చక్కగా జుమ్మంటోంది. ఒక్క పోటులో సూది దిగింది. ఆయన కళ్లు తెరిచి, అప్పుడే అయిపోయిందా అన్నట్టు చూసి, ఏదో అన్నాడు.

"ఇలాంటి చెయ్యి తన దేశంలో దొరకలేదంటున్నారు" అంది దుబాసీ అమ్మాయి. తనిఖీవాళ్లు అది కూడా రాసుకున్నారు.

అంతలో జేబులో ఫోను అదిరింది. పిచ్చుక. పెద్దక్క గోడవైపు తిరిగింది.

"అక్కా, మీ అన్నయ్య వచ్చేశారు. మెడలో గొట్టం పొద్దునే తీసేశారు. చెయ్యి చొక్కాలో దాచేసుకుని కూర్చున్నారు. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. మీరొస్తారు కదా?"

పెద్దక్క మేనేజరుకేసి చూసింది. ఆయన నవ్వుతూనే, కనీకనపడకుండా తల అడ్డంగా ఊపాడు. ముసలాయన యంత్రం మీద నాలుగు గంటలని వెలుగుతోంది. అంతసేపూ పక్కనుంచి కదలకూడదు, అది ఇక్కడి రూలు.

"ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు" అంది.

కాసేపు కింది వార్డు చప్పుడు వినిపించింది. బట్టలుతికే యంత్రం మోత, ఎవరిదో దగ్గు.

"అన్నయ్యా, నేనే. చెయ్యి పిచ్చుకకి ఇవ్వు. ఎక్కడ, ఎంత వాలులో వెయ్యాలో నేను ఫోన్లో చెబుతూనే ఉంటాను. ఈసారి తప్పు చెయ్యదు."

"ఇది వచ్చే నెల వెళ్లిపోతోందటగా?"

"అవును."

"ఆ తర్వాత?"

ఆవిడ ముసలాయన చేతి మీద పట్టీ సరిచేసింది.

"ఆ పిల్లలంటే సరే, ఎక్కడెక్కడికో పోయారు" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకు. "నువ్వూ వెళ్లిపోయావటే అమ్మలూ?"

వెనకనుంచి తనిఖీ ఆయన ఒకరు చేతులు ఎంతసేపు కడుక్కోవాలో చెప్పమని అడుగుతున్నారు. పెద్దక్క ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"చెయ్యి చాపు అన్నయ్యా" అంది.