దూది గొంతు

మా పరుపుల ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. సూపర్‌వైజర్ వస్తుంటే ముందు చూసినవాళ్లు గట్టిగా గొంతు సవరించుకుంటారు. అంతే, కబుర్లు ఆగుతాయి, మిషన్లు ఆడతాయి. ఏళ్లుగా నడుస్తున్న ఈ కాపలాకి నేనే గండి కొట్టాను, కావాలని కాదు.

పడిశం తగ్గింది గానీ ముక్కు వెనక నుంచి గొంతులోకి కళ్లె జారడం ఆగలేదు. ఊరికే ఖుంఖుం అనాల్సి వచ్చేది. నేను అన్నప్పుడల్లా హాలు హాలంతా ఉలిక్కిపడి మిషన్ల మీదికి వంగేది.

"నీ గొంతు తగలెయ్య, మా నడుములు పోతున్నాయే," అని పక్క మిషన్ అక్క తిట్టింది.

నవ్వులాటగానే ఉండేది, శనివారం భోజనాల గదిలో మా పనివాళ్ల మీటింగ్ లేకపోతే. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టేదాకా ఓవర్‌టైం చెయ్యం అని అందరిచేతా అనిపించాలి. మాట్లాడేది నేను. మధ్యలో నేను ఖుం అన్నానంటే ఎవరూ చెయ్యెత్తరు, తలుపు వైపు చూస్తారు.

ఇంట్లో వదిన నా పని పట్టింది.

"గొంతు గీకకు. గీకేకొద్దీ మంటెక్కుతుంది. దురద పెడితే గుక్కెడు గోరువెచ్చటి నీళ్లు తాగి మింగెయ్."

"మింగితే అదంతా కడుపులోకి పోదా వదినా?"

"ఇప్పుడెక్కడికి పోతోంది, బజారుకా?"

నీళ్లు బాగా మరగబెట్టి, చల్లార్చి, చిటికెడు ఉప్పు కలిపింది. నేను కుళాయి కింద చెంబు పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "పచ్చినీళ్లు ముక్కులో పొయ్యకూడదు."

సింకు మీద తల పక్కకి వంచి ఒక ముక్కులో పోస్తే రెండో దాంట్లోంచి కారింది. బూడిదరంగు పీచు, దారపుముక్కలతో సహా. అన్న తన పళ్లెం తీసుకుని పక్కగదిలోకి నడిచాడు.

"సగం పరుపు దీని ముక్కులోనే ఉంది," అన్నాడు అక్కణ్ణుంచి.

పొద్దున, సాయంత్రం కడిగాను. తలకింద ఇంకో దిండేసుకుని పడుకున్నాను. శనివారానికి కళ్లె పూర్తిగా పోలేదు, చాలావరకు లొంగింది. రోజూ దూది పీల్చేవాళ్లకి అంతకన్నా లొంగదు. మీటింగ్‌లో అనాల్సిన మాట కూడా ఆ సింకు దగ్గరే దొరికింది.

"నా ముక్కు నేను కడుక్కున్నాను. మన మిషన్ల హాలు ముక్కు ఎవరు కడుగుతారు?" అన్నాను మీటింగ్‌లో. "మనింట్లో ఉప్పు, మనింట్లో గ్యాసు పెట్టి వాళ్ల దుమ్ము మనం కడుక్కోవాలా?"

గొంతులో దురద లేచింది. మాట ఆపి, సీసాలో నీళ్లు గుక్కెడు మింగాను. ఎవరూ తల తిప్పలేదు.

అప్పుడు వెనక వరసలోంచి నిజమైన ఖుం వినిపించింది. గుమ్మంలో సూపర్‌వైజర్. సగం మంది నడుము వంచేశారు.

"లేవండి. వంగడానికి ఇక్కడ మిషన్లు లేవు," అన్నాను. "ఆయన్నీ విననివ్వండి, ఆయన పీల్చేదీ ఆ హాలు గాలే. ఫ్యాన్లు వచ్చేదాకా ఓవర్‌టైం చెయ్యనివాళ్లు చేతులెత్తండి."

ఆయన కళ్లముందే పక్క మిషన్ అక్క చెయ్యి పైకి లేచింది. తర్వాత ఆమె వరస. తర్వాత గది గదంతా.