చదవని రెండో పేరా

మా వదిన ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుని బడి యూనిఫాంల మీద బ్యాడ్జీలు కుడుతుంది. ఆ మిషనుకి డిజైన్లు పంపేది పన్నెండేళ్లనాటి కంప్యూటరు. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

"ఇంకా ఈ ముసలి సిస్టమేనా వదినా? వార్తలు చూడవా? దీనికి కంపెనీవాళ్లే నీళ్లొదిలేశారు."

"పని జరిగిపోతోంది కదా మరిదీ."

"జరిగితే చాలా?" అంటూ ఆ ఆదివారం, ఆమె వద్దంటున్నా వినకుండా, పాతదంతా తుడిచేసి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. తెర తళతళలాడింది. నేను మీసం మెలేశాను.

మర్నాడు మిషను ఉలకట్లేదు, పలకట్లేదని వదిన ఫోన్ చేసింది. నేను నలుగురికీ ఫోన్లు చేస్తే తేలింది: దాన్ని నడిపే ప్రోగ్రాం పాత సిస్టమ్ మీద తప్ప పనిచేయదట. అది తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారట. నేను అంత గొప్పగా చెప్పిన వార్తను మళ్లీ తెరిచాను. కంప్యూటరుకి పాత మిషన్లు తగిలించి ఉంటే తొందరపడి సిస్టమ్ మార్చొద్దని రెండో పేరాలోనే రాసి ఉంది. నేను హెడ్డింగు దాటి చదివి చస్తే కదా!

చివాట్లు తినడానికి సిద్ధపడి సాయంత్రం వెళ్లాను. వదిన కిటికీ పక్కన కూర్చుని బ్యాడ్జీలు చేత్తో కుడుతోంది. నన్ను చూసి నొచ్చుకుంటూ లేచింది.

"నువ్వంత కష్టపడి బాగుచేసి వెళ్లావు. నేనే ఏదో నొక్కి పాడుచేసినట్టున్నాను మరిదీ."

నిజం గొంతుదాకా వచ్చింది.

"ఇకనుంచి కాస్త చూసి నొక్కు వదినా," అన్నాను.