నాలో మాత్రమే తెరుచుకునే వెబ్‌సైట్

నేను ఒక పాత కంప్యూటర్‌ని. రాజమండ్రిలో ఫణీంద్ర గారింట్లో, భోజనాల బల్ల పక్కన ఉంటాను. ఆ పొద్దున నా వల్లే గొడవ.

"కంప్యూటర్ మీద వడియాల చాటేమిటి?" అన్నారాయన.

"వాన చినుకులండీ. ఇంకెక్కడ పెట్టను? ఎలాగూ అది పడుకునే ఉంటుందిగా!" అంది ఆయన భార్య సువర్చల.

అంతలో ఫోను. కడియం నర్సరీ వీర్రాజు గారు.

"ఆయ్, మా నంబరు మారిందండి. వెబ్‌సైట్లో పాతదే ఉంది. తొలకరికి మొక్కలు కావాలన్నోళ్ళంతా ఇంకెవరికో చేస్తన్నారండి!"

ఆ వెబ్‌సైటు నా కడుపులోదే. ముందు నేను పెళ్ళి శుభలేఖలు కొట్టే కొట్లో ఉండేదాన్ని. వేరే కంప్యూటర్లలో ఉండని తెలుగు అక్షరాలు నాకు పెట్టింది వాళ్ళే. తర్వాత ఫణీంద్ర గారు కొనుక్కుని, అప్పట్లో గొప్పదన్న ఒక సాఫ్ట్‌వేర్‌తో నర్సరీ పేజీలన్నీ నాలో కట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. జనం చూసేవి ఆ పేజీల బొమ్మలే; మార్చాలంటే మాత్రం నాలోనే తెరవాలి.

నంబరు మార్చడానికి ఫణీంద్ర గారు ఆ పేజీల్ని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశారు. నందివర్ధనం బొమ్మ బొప్పాయి మీదికెక్కింది. పేర్లన్నీ గీతలూ చుక్కలూ అయిపోయాయి. చేసేది లేక చాట దించి నా స్విచ్ వేశారు. మూలుగుతూ లేచాను. నంబరు మార్చారు. పని జరిగింది గానీ, నాలో ఫ్యాను ఆగి ఆగి తిరుగుతోంది. నేను పోతే ఆ తోటంతా నాతోనే పోతుంది. ఈ మనుషులకది పట్టినట్టు లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మహా హుషారుగా ఉన్నారు.

"చూశావా? దీన్ని ఇంకెవడూ తెరవలేడు. వీర్రాజు గారు మనల్ని దాటి ఎక్కడికీ పోలేరు."

"మరి ఇది చస్తేనో?" అంది ఆయన తల్లి, పప్పు కలుపుకుంటూ.

ఆయన మజ్జిగ అడిగారు. సువర్చల పోస్తూనే చెప్పింది.

"రేపట్నుంచి ఆ మొక్కల పేర్లన్నీ అందరి ఫోన్లలో కనబడే తెలుగులో నేనే కొడతాను. మీరు సైటు మళ్ళీ కట్టండి, ఎవరైనా తెరిచి మార్చుకునేట్టు."

"ఎవరైనా తెరిస్తే వీర్రాజు గారు మన దగ్గరే ఎందుకుంటారే?"

"మీ పని నచ్చితే ఉంటారు. తాళం వేసి కూర్చోబెట్టుకుంటామా?" అని, అందరివైపూ ఓసారి చూసింది. "ఆఖరి పేరు కొట్టేదాకా దీని స్విచ్ ఎవరూ ముట్టుకోకండి. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో. అయ్యాక, పాపం, పడుకోనిద్దాం."