ఏడో ధార

నేను ఒక కెమెరాని. అబ్బే, మెడలో వేలాడుతూ పెళ్లిళ్లలో పెత్తనం చేసే జాతి కాదు. చొక్కా జేబులో ఒదిగే రకం. "ఇదింకా పనిచేస్తుందా?" అని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలో లోపం ఎప్పుడూ లేదు. నా నెత్తిమీద చక్రాన్ని తిప్పే వేలిదే అంతా.

ఎక్కడో దూరదేశంలో తెల్ల తొడుగులు వేసుకున్న అమ్మాయిలు నా కంటికి అద్దం బిగించి, ఆ చక్రం పెట్టారు. ఏ వెలుగుకి ఏ గుర్తో, ఏ కదలికకి ఎంత వేగమో అన్నీ అందులోనే ఉన్నాయి. నా మొదటి యజమాని కాకినాడలో పళ్ల డాక్టరు. తొమ్మిదేళ్లు ఆ చక్రాన్ని 'ఆటో' మీంచి కదిలించలేదు, మహానుభావుడు! పున్నమి చంద్రుడి మీదికి ఫ్లాష్ కొట్టి, సరిగ్గా పడలేదని నన్ను తిట్టాడు. తర్వాత స్థలాల బ్రోకరు చేతిలో రెండేళ్లు ముళ్లకంపల్నీ సరిహద్దు రాళ్లనీ తీశాను. అవన్నీ 'బీచ్‌కి అయిదు నిమిషాలు' అని అమ్ముడుపోయాయి. ఫోన్లకి కళ్లు వచ్చాక అతను నన్ను సత్తార్ గారి ఫొటో స్టూడియోలో వదిలించుకున్నాడు. అక్కడ గాజు బీరువాలో, ఎవరూ తీసుకెళ్లని పాస్‌పోర్టు ఫొటోల పక్కన పడి ఉన్నాను.

ఆ స్టూడియో పార్కు గేటుకి ఎదురుగా ఉంది. గేటు పక్కన మరమరాల బండి పెట్టే నూకరత్నం ఒక సాయంత్రం లోపలికొచ్చింది.

"సత్తార్ గారూ, నాది నొక్కుడు ఫోను. ఇవాళ ఒక్క ఫొటో తియ్యాలండీ. కెమెరా ఇస్తారా?"

ఆమె భర్త భద్రాచలం ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నాటకాలు తగ్గాక పార్కులో వాటర్ షోకి కుదిరాడు. కొలనులో పదకొండు ధారలు, నేల కింద పంపుగదిలో పదకొండు మీటలు. పాట మొదలవగానే ఆ మీటల్ని హార్మోనియం మెట్లు వాయించినట్టే వాయిస్తాడు. పైన నీళ్లు లేస్తాయి, రంగులు మారతాయి, జనం ఈలలు వేస్తారు. ఆ గదికి కిటికీ లేదు. పందొమ్మిదేళ్లుగా ఊరంతా చూసిన ఆటని ఆడించేవాడు మాత్రం చూడలేదు! ఇవాళే ఆయన ఆఖరి షో; రేపటినుంచి ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఇంకా రెండేళ్ల ఉద్యోగం ఉండగా ఆయనే వద్దని కాగితం రాసిచ్చేశాడు. ఎందుకని అడిగితే "ఓపిక లేదే" అన్నాడట. ఏడాదిగా ఇంట్లో హార్మోనియం కూడా అటక దిగలేదట.

"'నా చేతి కింద ఆ నీళ్లు ఎలా లేస్తాయో ఒక్కసారి చూపించవే' అన్నారండీ మా ఆయన. ఇన్నేళ్లలో ఆయన నన్నడిగింది ఇదొక్కటే."

సత్తార్ గారు బీరువా తెరిచారు. నన్ను తుడుస్తూ పాఠం మొదలుపెట్టారు. హమ్మయ్య, ఇన్నాళ్లకి నా చక్రం సంగతి తెలిసిన మనిషి!

"ఫ్లాష్ ఆపెయ్యమ్మా. అది నీళ్లదాకా పోదు, ముందున్నవాళ్ల వీపుల్ని తెల్లగా చూపిస్తుంది. జూమ్ జోలికి పోకు. ఐఎస్ఓ అని వెలుగు పట్టే అంకె ఉంది చూశావా, అది ఎనిమిది వందలు దాటితే ఫొటో ఇసక చల్లినట్టు ఉంటుంది. కెమెరా రెయిలింగ్ మీద పెట్టి, కింద రుమాలు వెయ్యి. నువ్వు నొక్కినా అదురుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్. ఇక వేగమంటావా, అది అక్కడ చూసుకుందాం."

ఏడింటికి షో మొదలైంది. మూడు పాటలు. నా బ్యాటరీ అప్పటికే ఎర్రగుర్తు చూపిస్తోంది. ముసలి ప్రాణం కదా. మొదటి పాటలో సత్తార్ గారు రెండు ఫొటోలు తీయించారు. ఒకదానికి నా కన్ను సెకను సేపు తెరిచి ఉంచారు, రెండోదానికి సెకనులో అరవయ్యో వంతే. నా చిన్న తెర మీద ఆమెకి చూపించారు.

సెకనుది చూడముచ్చటగా వచ్చింది. సముద్రపు గాలికి తుంపర పక్కకి జరిగి, ధారలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి పాలనురగలా పరుచుకున్నాయి. అరవయ్యో వంతుది అలా కాదు. ఏ ధారకి ఆ ధార విడిగా నిలబడింది. ఎడమనుంచి ఆరు ధారలు, తర్వాత ఖాళీ, తర్వాత నాలుగు. పన్ను ఊడిన నోరులా ఉంది.

నూకరత్నం తెర మీద ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టింది.

"ఏడోది లేవట్లేదండీ. ఏడాదైంది," అంది మెల్లగా. "అది చెడిన రోజే వేరే ఏదో సంగతికి ఈయన్ని ఎవరో ఆఫీసరు నలుగురిలో నానా మాటలూ అన్నాడు. మొహం ఇంతచేసుకుని పైకొచ్చి, 'ఏడోది లేచిందా?' అని అడిగారు. నిక్షేపంగా లేచిందండీ అనేశాను. మర్నాడు మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. ఇక అక్కణ్ణించి రోజూ అడగడం, రోజూ చెప్పడం. ధారలు లెక్కపెట్టి చూసేవాళ్లు ఇంకెవరున్నారండీ ఇక్కడ?"

సత్తార్ గారు గడ్డం గోక్కున్నారు. "సెకను మీదే ఉంచమ్మా. ఆఖరి రోజు కదా, మనసెందుకు కష్టపెట్టడం? ఒక్క ఫొటోకే బలముంది దీనికి. మూడో పాట చివర ధారలన్నీ ఒక్కసారి లేస్తాయే, అప్పుడు కొట్టు." స్టూడియోలో ఎవరో పిలుస్తున్నారని ఆయన వెళ్లిపోయారు. ఆమె చక్రాన్ని సెకను మీద పెట్టింది.

నాకు కోపం వచ్చింది సుమండీ! నేను అబద్ధం చెప్పలేను, కానీ నాచేత చెప్పించవచ్చు. పళ్ల డాక్టరు తెలియక చెప్పించాడు, బ్రోకరు తెలిసి చెప్పించాడు. ఈమె ప్రేమకొద్దీ చెప్పించబోతోంది.

మూడో పాటకి ముందు భద్రాచలం మంచినీళ్లకి మెట్లెక్కి పైకొచ్చాడు. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్లు. "ఏమే, ఆ ఏడోది బాగా పడేలా తియ్యి," అన్నాడు. "మిగతావి పోతే పోనీ. దాన్ని కంటితో ఒక్కసారి చూస్తే నాకు చాలు." ఆమె జవాబు కోసం ఆగకుండా దిగిపోయాడు.

పాట మొదలైంది. జనం ముందుకి తోసుకొచ్చారు. ఎవరి మోచెయ్యో తగిలి నేను రుమాలు మీంచి జారబోయాను; ఆమె పట్టుకుంది. తుంపర పడి నా కన్ను మసకబారితే కొంగుతో తుడిచింది. ఎర్రగుర్తు ఆరి వెలుగుతోంది. పందొమ్మిదేళ్లుగా విన్న పాట అది. ఆఖరి ఎత్తు ఎప్పుడొస్తుందో ఆమెకి నిద్రలో లేపినా తెలుసు. అంతకి రెండు సెకన్ల ముందు నొక్కాలి. ఆమె వేలు నా మీట మీద ఉంది. వేలు తీసేసింది. తల్లీ, ఇప్పుడా! చక్రాన్ని గిర్రున తిప్పింది, అరవయ్యో వంతు మీద ఆపింది, నొక్కింది.

ఒకటి. రెండు. నీళ్లు ఆకాశానికి లేచాయి, నేను కన్ను తెరిచి మూశాను. మరుక్షణం నా తెర చీకటైపోయింది. పడిందో లేదో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్న సత్తార్ గారు ఫొటో అచ్చుకొట్టి, నన్నూ కలిపి ఆమె చేతిలో పెట్టారు. "ఇక ఇది నీ దగ్గరే ఉండనీ." ఇంట్లో ఆమె నన్ను గూట్లో పెట్టి, ఫొటో ఆయనకిచ్చి, తలుపు పక్కన నిలబడింది.

భద్రాచలం ఫొటోని వెలుతురుకి పట్టాడు. వేలితో ఎడమనుంచి లెక్కపెట్టాడు. ఆరు దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"లేవలేదు," అన్నాడు.

"ఏడాదినుంచీ లేవట్లేదండీ. మీరు బాధపడతారని..."

"ఏడాదినుంచీ ఆ గొట్టంలో నీళ్లు కదలట్లేదని నా చెవి చెబుతూనే ఉంది. నువ్వేమో లేచిందన్నావు. ఆ ఆఫీసరు చెబితే నమ్మేవాణ్ణి కాదు. నువ్వు చెప్పావు కదా!" ఆయన ఫొటో పక్కన పెట్టాడు. "చెవి పోయిందనుకున్నానే రత్నం. చెవి పోయినవాడికి హార్మోనియం ఎందుకని అటకెక్కించాను. చెవి పోయినవాడు మీటల దగ్గర ఉండకూడదని కాగితం రాసిచ్చాను."

నూకరత్నం అక్కడే కూలబడింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఆమెని తిట్టలేదు. తిడితే బాగుండునని నాకే అనిపించింది.

ఆయన లేచి, స్టూలు వేసుకుని హార్మోనియం దించాడు. దుమ్ము దులిపి, తిత్తి ఊపి, మెట్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ నొక్కాడు.

"ఇది పలికిందా?" అని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"లేదండీ. పలకలేదు."

"ఊఁ. నాకూ వినబడలేదు," అన్నాడాయన. మర విప్పడానికి స్క్రూడ్రైవరు తెమ్మన్నాడు.