కోల్డ్ స్టోరేజీలో గేజి కడ్డీ

గుంటూరు జిల్లాలో దాచుకోదగ్గ వస్తువు ఏదైనా సరే, దాని చోటు కోల్డ్ స్టోరేజీయే. మిరపకాయలు, చింతపండు, వచ్చే ఏటి విత్తనాలు, అన్నీ అక్కడికే చేరతాయి. ఎండలో ఉంటే పాడవుతుంది, చల్లగా ఉంటే పెట్టినప్పటిలాగే ఉంటుంది. ఈ నమ్మకంలోనే పుట్టి పెరిగిన బుల్లయ్య, శేషాచలం గారు తన చేతిలో పెట్టిన గేజి కడ్డీకి గ్రీజు పూసి, పాత పంచెలో చుట్టి, నల్లపాడు రోడ్డులో తమ షెడ్డు పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల పక్కన పెట్టాడు.

తను కోయాల్సిన ఓ పెద్ద ఉక్కు రింగు లోపలి వెడల్పు ఎంతుండాలో సరిగ్గా అంత పొడవున్న కడ్డీ అది. "ఇది వంగినా సాగినా మన పని గోవిందా, బుల్లయ్యా," అన్నారాయన ఇచ్చేటప్పుడు. వంగకుండా చూసుకున్నాడు. ఇనుము ఎండకు సాగుతుందని ఎవరో అనగా విన్నాడు గనక ఎండ కూడా తగలనివ్వలేదు. అంత బుద్ధిమంతుడు.

బుల్లయ్య లేతు మిషను మీద ఇనుము కోసే టర్నరు. అద్దంకి నుంచి వినుకొండ దాకా ఏ పత్తి జిన్నింగు మిల్లులో రోలరు అరిగినా "బుల్లయ్య చెయ్యి పడాల్సిందే" అంటారు. ఇరవయ్యారేళ్లుగా ఆ మాటే అతని ఆస్తి.

శేషాచలం గారు రక్షణశాఖ ఇంజినీరు. పన్నెండేళ్లుగా ఆయనది ఒకటే పట్టు. విమానాలను కూల్చే తుపాకులు బిగించిన, గుండ్రంగా తిరిగే టరెట్ ఒక్కటి చేస్తే చాలు, అడుగున రింగు మార్చుకుంటూ ఏ ట్యాంకు ఛాసీ మీదైనా కూర్చోబెట్టవచ్చని. మొదటి ఛాసీ మీద కూర్చుంది. రెండోదాని మీదా కూర్చుంటే ఆయన మాట నిలుస్తుంది, లేదంటే ఫైలు మూసేస్తారు. ఆయన రిటైర్మెంటు కూడా ఆ నెలాఖరుకే. రెండో రింగును తిప్పి కోయగలిగినంత పెద్ద మిషను బుల్లయ్య పనిచేసే నాగేంద్రబాబు షెడ్డులో ఉందని తెలిసి పని ఇక్కడికి తెచ్చారు.

అది 2002 మే నెల. ఇనుము ముట్టుకుంటే చురుక్కుమనే రేకుల షెడ్డులో బుల్లయ్య రింగు లోపలి అంచు కోశాడు. కోసినప్పుడల్లా పక్కకు పరుగెత్తి కడ్డీ తెచ్చి, తుడిచి, పెట్టి చూసి, వెంటనే మళ్లీ చల్లగా దాచి వచ్చేవాడు. ఆఖరిసారి కడ్డీ అటూ ఇటూ వెంట్రుకైనా తేడా లేకుండా దిగింది. ఆ రోజు బుల్లయ్య ఇంటికి పాట పాడుకుంటూ వెళ్లాడు.

మూడో రోజు పదకొండు గంటలకు ఫైలు సంగతి తేల్చే రక్షణశాఖ కమిటీ వాళ్లు ముగ్గురు జీపులో వచ్చారు. ఆవరణలో ట్రైలరు మీద ఇంజను తీసేసిన ట్యాంకు ఛాసీ, దాని మీద బిగించిన రింగు సిద్ధంగా ఉన్నాయి. క్రేను టరెట్‌ని మెల్లగా దించింది. దిగలేదు. రింగు అంచు మీద కూర్చుని ఓ పక్కకు ఒరిగింది. ఎత్తారు, సర్దారు, మళ్లీ దించారు. నాలుగోసారికి క్రేను డ్రైవరు శేషాచలం గారి మొహం వంక చూడటం మానేశాడు.

"రింగు చిన్నదై ఉంటుంది. కడ్డీ పట్రా," అన్నారాయన.

బుల్లయ్య కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తి తెచ్చి, తుడిచి, తనే పెట్టి చూపించాడు. కడ్డీ శుభ్రంగా దిగింది. కమిటీ పెద్ద కళ్లజోడు తీశాడు. "రింగు డ్రాయింగు ప్రకారమే ఉందండి. డ్రాయింగే తప్పు. ఒక టరెట్ అన్నిటికీ సరిపోతుందన్న ఆలోచనే కుదిరేది కాదు."

శేషాచలం గారు తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి కాదు. అదే ఆయన్ని ముంచింది. "కడ్డీ అబద్ధం చెప్పదు," అంటూ స్టూలు మీద కూలబడ్డారు. కాగితం ముందుకు వచ్చింది. డిజైనులో లోపం ఉంది, పని ఆపవచ్చు, కింద ఆయన సంతకం.

పక్కనే నిలబడ్డ బుల్లయ్యకు అరచేయి జిల్లుమంది. మే నెల ఎండలో చేతిలో ఇనుము జిల్లుమంటోంది. కడ్డీ ఒంటినిండా చెమ్మ. తుడిచాడు, మళ్లీ పట్టింది. అప్పుడు తెలిసింది. ఎండకు సాగిన రింగును చలికి ముడుచుకున్న కడ్డీతో కొలిచాడు. కడ్డీ ఎంత కురచైందో రింగు అంత చిన్నదైంది.

తప్పు నాది, ఆగండి అంటే చాలు. కానీ అద్దంకి నుంచి వినుకొండ దాకా ఉన్న పేరంతా గొంతుకు అడ్డం పడింది. ఓనరు నాగేంద్రబాబు ఎదురుగానే ఉన్నాడు. శేషాచలం గారు కలం మూత తీశారు. సిరా పారలేదు. విదిలించారు. దేవుడు అంత వ్యవధి ఇచ్చినా బుల్లయ్య నోరు పెగల్లేదు. ఇంత పిరికివాడినని అతనికీ అంతవరకు తెలియదు.

సంతకం అయింది. జీపు వెళ్లిపోయింది.

అప్పుడు ఎండలో వేడెక్కిన కడ్డీని బుల్లయ్య మళ్లీ రింగులో పెట్టాడు. పట్టలేదు. "అయ్యా, ఒక్కసారి ఇటు చూడండి."

ఆయన వచ్చి చూశారు. కడ్డీ తడిమారు. "ఇన్నాళ్లూ ఇది ఎక్కడుంచావు?"

"కోల్డ్ స్టోరేజీలో పెట్టానండి. పాడవకుండా ఉంటదని."

ఆయన ఫోను దగ్గరికి పరుగెత్తారు. గెస్టుహౌసులో కమిటీ పెద్ద దొరికాడు. "తయారుచేసిన మీరే ఒప్పుకుని సంతకం పెట్టాక మేం మళ్లీ వచ్చి చూసేదేముందండీ," అని ఫోను పెట్టేశాడు.

"ఇంకెందుకు సార్ లెండి, చేతులు కాలాక ఆకులెందుకు," అన్నాడు నాగేంద్రబాబు. "నేను చూసుకోవాలి," అన్నారు శేషాచలం గారు. రింగు విప్పించారు. కడ్డీని ఈసారి రింగు పక్కనే పడుకోబెట్టి, బుల్లయ్య ముప్పావు మిల్లీమీటరు కోశాడు. అయిదు గంటలకు క్రేను టరెట్‌ని దించింది. కుండ మీద మూకుడులా కూర్చుంది. శేషాచలం గారు రెండు చేతులూ ఆనించి తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది, బుల్లయ్యా?"

జీపు వెళ్లాక అనవచ్చు. అక్కడున్న అందరూ అదే అనుకుంటున్నారు కూడా.

"మీరు కలం విదిలిస్తున్నప్పుడండి."

తిట్టి ఉంటే బుల్లయ్య బతికిపోయేవాడు. ఆయన టరెట్‌ని ఇంకోసారి తోశారు. అది ఆగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.