ఆయన తరఫున పాట

ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న వసుంధర ఒళ్లో సెల్‌ఫోను కుయ్‌మంది. ఫోను ఆమె భర్త పూర్ణచంద్రరావుది. ఇంగ్లీషులో మెసేజ్. కూడబలుక్కుని చదివింది. హార్మోనియం వేలంలో పూర్ణచంద్రరావు పన్నెండు వేలు పాడాడట. ప్రస్తుతానికి అతనిదే హెచ్చు పాట అట.

వసుంధర మెసేజ్ మళ్లీ చదివింది. పూర్ణచంద్రరావు అద్దాల తలుపుకి అవతల, నోట్లో గొట్టంతో, ఒంటి మీద తెలివి లేకుండా పడున్నాడు. చల్లపల్లిలో అతనికి మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది. నిన్న పొద్దున షాపులోనే తల పట్టుకుని కూలబడ్డాడు. మచిలీపట్నం తీసుకొచ్చేసరికే మాట లేదు. తలలో నరం చిట్లిందన్నారు, ఆపరేషన్ చేశారు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నారు.

మరి ఎవరు పాడుతున్నారు ఈయన పేరు మీద?

ఫోను మళ్లీ కుయ్‌మంది. పదమూడు వేలు.

చల్లపల్లి సెంటర్లో నెట్ సెంటర్ నడిపే జాహిద్ నంబరు వెతికి ఫోన్ చేసింది. పూర్ణచంద్రరావు తీరిక దొరికితే అక్కడే కూర్చుంటాడు.

"జాహిద్, మీ మావయ్యగారి పేరు పెట్టుకుని ఎవరో హార్మోనియం పాట పాడుతున్నారయ్యా! దొంగలెవరో చూడు బాబూ."

"దొంగలు కాదు అత్తయ్యగారూ. మొన్న ఆయనే వచ్చి నెట్‌లో వేలంపాటకి పేరు పెట్టి వెళ్లారు. కలకత్తాలో ఎవరిదో పాత హార్మోనియం, ప్యారిస్ రీడ్లంట, నాదం బాగా పలుకుతుందంట. తను ఎందాకా వెళ్లగలరో ఆఖరి అంకె ఒకటి కొట్టేశారు. ఇంక ఆయన తరఫున కంప్యూటరే పాడుతుందండీ. అవతలివాడు పెంచితే వాడి మీద ఒక్క మెట్టు, ఐదొందలు, ఎక్కుతుంది. వాడు ఊరుకుంటే ఇదీ ఊరుకుంటుంది. ఆ ఆఖరి అంకె వచ్చేదాకా అంతే."

"ఆ అంకె ఎంత?"

"తెలీదండీ. కొట్టేటప్పుడు నన్ను అటు తిరగమన్నారు. అమ్మేవాడిక్కూడా కనపడదు. ఆయన పాస్‌వర్డ్ ఉంటేనే."

"అయితే ఆపించెయ్."

"నావల్ల కాదండీ. సాయంత్రం ఐదింటికి అదే ముగిసిపోద్ది."

వసుంధర గోడకి జారబడింది. హార్మోనియం అంటే భర్తకి ఒళ్లు తెలియదు. పద్యనాటకం ఎక్కడ ఆడినా పెట్టె మీద అతని చెయ్యి ఉండాల్సిందే. ఒకసారి గుడివాడలో నాటకం చూసొచ్చి, మర్నాడు స్కూటరు అమ్మేసి తబలాల జత కొన్న మనిషి. లక్ష కొట్టి ఉంటే? గంటకోసారి మందుల చీటీ చేతిలో పెడుతున్న ఈ ఆసుపత్రికి ఏం కట్టాలి?

మధ్యాహ్నం కాస్సేపు మెసేజ్‌లు ఆగాయి. మూడు దాటాక మళ్లీ మొదలయ్యాయి. అవతలివాడు పెంచడం, ఆ వెంటనే ఇతని పేరు ఒక మెట్టు పైకెక్కడం. కుయ్‌మన్నప్పుడల్లా ఆమె ఆసుపత్రి ఖర్చుకి ఆ అంకె కలుపుకుంటోంది.

ఆయా భాగ్యమ్మ లోపల్నుంచి వచ్చి బెంచీ దగ్గర ఆగింది. "బీపీ నిలబడిందంటమ్మా. డాక్టర్‌గారు చెబుతుంటే విన్నాను."

అప్పుడే ఫోను కుయ్‌మంది. ఇంకా పూర్ణచంద్రరావుదే హెచ్చు పాట.

ఆ క్షణాన వసుంధర భయం అటుదిటు తిరిగింది. పాట నిలబడినంతసేపూ ఆయన నిలబడతాడు అనిపించింది. పిచ్చి ఆలోచన అని తెలుసు. తెలిసినా వదలలేదు. ఇందాకటిదాకా ఆ అంకె ఎంత పెద్దదోనని హడలిపోయింది. ఇప్పుడు ఎంత చిన్నదోనని వణుకుతోంది.

మళ్లీ జాహిద్‌కి చేసింది. "నువ్వు కూడా పాడు బాబూ. ఆయనకి తోడుగా."

"వద్దండీ! నేను పాడితే మావయ్యగారి మీద పాడినట్టే. మనం మనం ఒకటని కంప్యూటర్‌కేం తెలుసు? నేను పెంచిన కొద్దీ ఆయనది పైకెక్కుతుంది. ఆయన అంకెని మనమే తినేసినట్టవుద్ది."

ఆ మాటకి ఆమె చటుక్కున ఫోను పెట్టేసింది, తన చెయ్యి తగిలి ఏదో జరిగిపోతుందన్నట్టు.

ఐదు కావస్తుండగా వచ్చిన మెసేజ్ వేరుగా ఉంది. అది చదివేలోపే జాహిద్ ఫోన్ చేశాడు.

"మావయ్యగారి అంకె దాటేశారండీ. ఆయనది ఇరవై వేల దగ్గర ఆగిపోయింది. ఇంకా కాస్త టైముంది. ఇప్పుడైతే నా పేరు మీద పాడొచ్చు. ఎందాకా వెళ్లమంటారు?"

"ఎందాకైనా వెళ్లు!"

"అలా కుదరదు అత్తయ్యగారూ. ఏదో ఒక అంకె కొట్టాలి."

ఎంతంటే సరిపోతుంది? ఎంత దగ్గర ఆగితే తప్పు కాకుండా ఉంటుంది? అంతలో లోపల ఏదో మిషను కూత పెట్టింది. నర్సు పరిగెత్తింది, వెనకే డాక్టరు. తెర లాగేశారు.

"అత్తయ్యగారూ? టైమైపోతోందండీ."

"వద్దు," అంది వసుంధర. "ఆయన ఎక్కడ ఆగమన్నాడో అక్కడే ఆగనీ."

అద్దానికి మొహం ఆనించి నిలబడింది. తెర వెనక కాళ్లు కదులుతున్నాయి తప్ప ఏమీ కనపడలేదు. భాగ్యమ్మ వచ్చి నడుం పట్టుకుంది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. "గొట్టంలో కఫం అడ్డుపడిందమ్మా. తీసేశాం. ఇప్పుడు బాగానే ఉన్నారు."

ఆమె నమ్మలేదు. ఆ రోజే కాదు, పూర్ణచంద్రరావు కళ్లు తెరిచిన రోజు కూడా పూర్తిగా నమ్మలేదు.

అతను ఇంటికొచ్చాడు. ఎడం చెయ్యి సరిగ్గా లేవడం లేదు. మాట ముద్దగా వస్తోంది. ఒక పొద్దున జావ తాగిస్తుంటే తనే ఎత్తాడు. "హార్మోనియం... పోయిందా?"

"పోయింది. మీరు కొట్టిన అంకె దాటేశారు." అతని మూతి తుడుస్తూ అడిగింది. "అక్కడే ఎందుకు ఆగారండీ? మీరు లక్ష కొట్టారేమోనని నా ప్రాణాలు పోయాయి."

అతను గుటక వేసి, నెమ్మదిగా అన్నాడు. "నా చేతిలో... అంతే ఉంది. అంతకు మించితే... నీకు చెప్పాల్సొచ్చేది."

వసుంధర గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి గట్టు పక్కన నేల మీద కూర్చుని, ఆసుపత్రిలో రాని ఏడుపంతా ఏడ్చింది.

"వసూ," అని పిలిచాడతను. "కోపమొచ్చిందా?"

"లేదు. వస్తున్నాను," అంది కానీ వెంటనే లేవలేకపోయింది.